బాక్సు అక్కర్లేని టీవీ

మా పాత టీవీ తెర మీద నిలువుగా ఒక ఆకుపచ్చ గీత పడింది. వారం తిరిగేసరికి గీతలు మూడయ్యాయి. వార్తలు చదివే అమ్మాయి కటకటాల వెనకనుంచి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆమె చెప్పే వార్తలకు అది తగిన శిక్షే అనుకుని నేను ఊరుకున్నాను. మా ఆవిడ ఊరుకోలేదు, రిపేరు చేసే అతన్ని పిలిపించింది. అతను టీవీ వెనక్కి కూడా వెళ్లకుండా ముందునుంచే ఒకసారి చూసి, "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి పూర్తి గ్లాసు టీ తాగాడు.

టీవీ మీద నాకు మొదటినుంచీ గౌరవం లేదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మొదట మూటలు మోసి, తరవాత పోర్టులో క్రేను ఆపరేటర్నయ్యాను. ఓడ కోసం ఎదురుచూసే వేళ, వాన పడి పని ఆగిన వేళ క్రేను కేబిన్‌లో కూర్చుని చదివినవే నా చదువులు. అన్నీ శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలే. చరిత్ర, ఖగోళం, వైద్యం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది. అక్కడి బీరువాల్లో ఏ అరలో ఏముందో గ్రంథాలయం ఉద్యోగి నన్నే అడుగుతాడు. మా వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా మా గుమ్మం తొక్కుతారు. మందుచీటీ మీద ఏం రాసుందో, గ్రహణం వేళ అన్నం తినొచ్చో లేదో నేను చెప్తాను. తెలియకపోతే గ్రంథాలయానికి వెళ్లి తెలుసుకుని మరీ చెప్తాను. ఈ సంగతి గర్వంగానే రాస్తున్నాను.

మాది మధురవాడ. ఆఫీసులు, అపార్టుమెంట్లు లేచిన వైపు కాదు, వాటి మధ్య ఇరుక్కుని మిగిలిపోయిన పాత వీధి. హైవే మీదున్న షోరూముకి మేమిద్దరం నడిచే వెళ్లాం. గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకే చేప ఒకే నీలిరంగు నీళ్లలో ఈదుతోంది. టై కట్టుకున్న సేల్స్‌మేన్ మమ్మల్ని ఒక టీవీ ముందు నిలబెట్టాడు.

"సెట్ టాప్ బాక్సు ఇందులోనే ఉంది సార్. ఇన్‌బిల్ట్. ఇక కేబుల్ అక్కర్లేదు, బాక్సు అక్కర్లేదు, రెండో రిమోటు అక్కర్లేదు."

"మరి డిష్?"

"అదీ అక్కర్లేదు సార్. ఇన్‌బిల్ట్ కదా."

"డిష్ కూడా లోపలే ఉందా?"

అతను తల వంచి టీవీ వెనక్కి చూశాడు. నిజంగా అక్కడ ఉందేమోనని చూశాడని నా నమ్మకం. "లోపల చిప్ ఉంటుంది సార్. అదే పట్టేస్తుంది" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి?"

"గాల్లోంచి సార్."

మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. "ఆ బాబు సెప్తన్నాడు కదా గాల్లోంచని. మీకేటి బాధ?"

గాల్లోంచి వచ్చేది గాలే అని చెప్పి బయటికి వచ్చేశాను. ఆ చేప కూడా అతని కన్నా ఎక్కువ ఆలోచిస్తున్నట్టు కనిపించింది.

మూడు సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చున్నాను. పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం తెలుగులో రాసిన ఒక పాత పుస్తకం, కొన్ని సైన్సు పత్రికలు దొరికాయి. విషయం చాలా చిన్నది. టీవీలో ఉన్నది ట్యూనరు, అంటే ఆకాశం నుంచి వచ్చే సంకేతాన్ని బొమ్మగా మార్చే భాగం. ఇదివరకు అది విడిగా ఒక పెట్టెలో ఉండేది, ఇప్పుడు టీవీ పొట్టలో ఉంది. సంకేతాన్ని పట్టడానికి మేడ మీద డిష్ ఎప్పటిలాగే కావాలి. పట్టినా, ఉచితంగా వదిలే ఛానెళ్లే కనిపిస్తాయి. డబ్బు కట్టి చూసేవాటికి తాళం ఉంటుంది, దాని తాళంచెవి కేబుల్ వాడిచ్చే బాక్సులోనే ఉంటుంది. షోరూములో అంతమంది నౌకర్లు, అన్ని దీపాలు ఉండి ఈ నాలుగు ముక్కలు చెప్పేవాడు ఒక్కడు లేడు.

మరొక సంగతి కూడా చదివాను. ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటుంది. మనం ఆ రేఖకు ఉత్తరాన ఉన్నాం కనుక అది మనకు దక్షిణం వైపు కనిపిస్తుంది. ఈ వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. తరవాతి పేజీలో ఏ ఊళ్లో డిష్‌ను ఎంత పక్కకు తిప్పాలో లెక్క కట్టే పద్ధతి ఉంది. అదంతా త్రికోణమితి. నా ఏడో తరగతికి అది అందదు. పేజీ తిప్పేశాను. తిప్పేశానని ఎవరికీ చెప్పలేదు.

ఇంత తెలిశాక కొనాలా వద్దా అన్నది తేలిపోవాలి. తేలలేదు. మా కేబుల్ వాడు మా బావ.

అక్కని మా వైపు అప్ప అంటాం. మా అప్ప మొగుడు ఒకప్పుడు తన మేడ మీద డిష్‌లు పెట్టి, చుట్టుపక్కల వీధులన్నిటికీ వైర్లు లాగి, తన చేత్తో సినిమాలు వేసిన మనిషి. అంతా డిజిటల్ అయ్యాక డిష్‌లు దించేశాడు. పెద్ద కంపెనీ ఇచ్చిన లైను తెచ్చి ఇళ్లకు పంచడం, వాళ్లిచ్చిన బాక్సులు బిగించడం, అంతవరకే మిగిలింది. అపార్టుమెంట్లన్నీ ఇంటర్నెట్ వాళ్లు పట్టుకుపోయారు. ఇప్పుడు బావకు మిగిలినవి మా వీధి, మా వెనక వీధి. అంటే నేను కొనే టీవీ మా ఇంట్లో మూడు గీతల సమస్యా, బావ ఇంట్లో పొయ్యి సమస్యా రెండూ తేలుస్తుంది.

ఈ మాట మా ఆవిడే ముందు అంది. "మనం తీసేత్తే వీధంతా తీసేత్తారు. మీరు సదివి మరీ తీసేసినారంటే ఇంకెవులు ఉంచుకుంటారు? అన్నయ్యకేటి మిగుల్తాది?" వెంటనే ఇంకో మాట కలిపింది. "నా సీరియలు కూడా రాదట కదా." బావ మీద దయలో ఆ సీరియలు వాటా ఎంతో నేను అడగలేదు.

నేను ఇలా తూకం వేస్తూ ఉండగానే పక్కింటాయన కొనేశాడు. ఆయనది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరై మా పక్కన ఇల్లు కట్టుకున్నాడు. నేను బళ్లో ఒక్కరోజు కూడా పాఠం చెప్పకపోయినా నన్ను మాస్టారు అంటాడు. ఆ పిలుపు నేనెన్నడూ కాదనలేదు. ఆయన కొన్నది ఆ షోరూములోనే, ఆ టీవీనే. గాల్లోంచి వస్తుందన్న మాట నమ్మి ఇంటికి తెచ్చి, గోడకు బిగించి, రెండు రోజులు ఖాళీ తెర చూసి, అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారండీ, చిప్ ఉందన్నారండీ. చిప్ ఏం చేస్తుందో తెలీట్లేదండి బాబూ."

డిష్ ఎందుకు కావాలో ఆయనకు వివరించాను. మధ్యలో రెండుసార్లు "అబ్బో" అన్నాడు. ఆయన డిష్ కొనితెచ్చేలా, నేను బిగించి చూసేలా ఒప్పందం. ఆయన ఇంట్లో బొమ్మ వస్తే నేనూ కొనాలని నాలో నేను అనుకున్నాను. రాకపోతే బావ బతికిపోతాడు. ఏది కోరుకుంటున్నానో నాకే తెలియని పరీక్ష అది.

ఆదివారం పొద్దున్నే ఆయన మేడ ఎక్కాం. అక్కణ్ణుంచి రెండు అపార్టుమెంట్ల సందులో సముద్రం ఒక చీర అంచు అంత కనిపిస్తుంది. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. "ఇది తూర్పు. ఇక్కడ నా కుడిచెయ్యి ఎటుందో అది దక్షిణం" అన్నాను. ఆయన నా కుడిచేతిని పూజగదిలో పటాన్ని చూసినట్టు చూశాడు. డిష్‌ను అటు తిప్పి బిగించాం. కింద టీవీ ముందు ఆయన భార్య కూర్చుంది. ఆయన మెట్ల మీద నిలబడి ఆమె చెప్పింది నాకు చేరవేసేవాడు.

"సిగ్నల్ స్ట్రెంత్ డెబ్భై అంటండీ!"

నేను మీసం దువ్వుకున్నాను.

"కింద ఇంకో గీత ఉందంటండీ. క్వాలిటీ అంట. సున్నా అంటండీ."

డిష్‌ను కొంచెం పైకెత్తాను. సున్నా. కిందికి దించాను. సున్నా. ఎండ నెత్తికెక్కేదాకా సున్నా మారలేదు. డెబ్భై మాత్రం గోడకేసి తిప్పినా డెబ్భైయే. ఆకాశంలో ఏమీ దొరకకపోయినా ఆ గీత వెలుగుతూనే ఉంటుందని తరవాత తెలిసింది. పుస్తకం తప్పా అని ఒకసారి అనుమానం వచ్చింది. వెంటనే చెంపలేసుకున్నాను.

అప్పుడు కింద బండి ఆగింది. భుజానికి వైరు చుట్ట తగిలించుకుని బావ మెట్లెక్కి వచ్చాడు. మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారు.

"ఏటి బావ, గొడుగు ఎండకి ఆరబెట్టినావేటి?"

"దక్షిణం కేసి ఎట్టినాను. ఎందుకు రాలేదో సూత్తన్నాను."

"ఇది దక్షిణమని ఎవులు సెప్పినారు?"

"సముద్రం తూర్పు. కుడిపక్క దక్షిణం. ఇది కూడా సెప్పాలేటి?"

బావ నేను తిప్పిన వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "నువ్వు ఎట్టిన కాడ అనకాపల్లి ఉన్నాది. బెల్లం రేటు తెలుత్తాదేమో గాని బొమ్మ రాదు."

పక్కింటాయన నవ్వబోయి నా ముఖం చూసి దగ్గాడు.

"నాకు నీ దక్షిణం తెల్దు, ఉత్తరం తెల్దు" అంటూ బావ వైరు చుట్ట దించి, జేబులోంచి స్పానర్ తీశాడు. "నా మేడ మీద నాలుగు డిష్‌లు ఎన్నేళ్లున్నాయి? అన్నీ సముద్రం కేసి సూసేవి. ఆవగింజంత కుడికి. అంతే." నట్టు వదులు చేసి, డిష్‌ను ఆ చీర అంచు వైపు తిప్పి, దాని ముఖం పైకెత్తి, రెండు వేళ్లతో కొద్దిగా కదిపాడు. కింద నుంచి పక్కింటాయన భార్య కేక వినిపించింది. ఈసారి దాన్ని ఎవరూ చేరవేయనక్కర్లేకపోయింది. ఆ వెంటనే వ్యవసాయ కార్యక్రమం పెద్ద గొంతుతో మొదలైంది. వరిలో సుడిదోమ.

పక్కింటాయన సంతోషించడానికి బదులు సముద్రం కేసి, తన వీధి గుమ్మం కేసి మార్చి మార్చి చూశాడు. "అంటే సముద్రం తూర్పున లేదంటారా అండీ? మాది తూర్పు ముఖమని సిద్ధాంతిగారు సముద్రం చూపించి మరీ చెప్పారండీ."

"అదంతా మా బావ సెప్తాడు. ఆడు సదువుకున్నోడు" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

మర్నాడు గ్రంథాలయంలో అట్లాసు తెరిచాను. చిన్నప్పటినుంచీ చూసిన పటమే. మా తీరం నిలువుగా లేదు, ఏటవాలుగా ఉంది. మా సముద్రం తూర్పున కాదు, ఆగ్నేయాన ఉంది. ఉపగ్రహం కూడా సరిగ్గా దక్షిణాన కాదు, కాస్త తూర్పుకి ఉంటుందన్న సంగతి నేను తిప్పేసిన పేజీలోనే ఉంది. విశాఖపట్నంలో పుట్టిన ప్రతివాడూ సముద్రం తూర్పు, కొండ పడమర అని రెండే దిక్కులతో బతికేస్తాడు. మిగతా ఊళ్ల వాళ్లు ఏం చేస్తారో కానీ, మేం మాత్రం సముద్రాన్ని చూసి ఇళ్లు కట్టుకుంటాం, పడక వేసుకుంటాం, దండం పెట్టుకుంటాం. నాకైతే ఆ మాత్రం సాకు కూడా లేదు. క్రేను కేబిన్‌లో కూర్చుని ఎన్ని ఉదయాలు చూశానో. ఎండాకాలం సూర్యుడు నీళ్లలోంచి కాదు, ఎడమచేతి వైపు గట్టు మీదనుంచి లేస్తాడు. కళ్లెదుట రోజూ జరుగుతున్నదాన్ని చూడకుండా, ఒళ్లో ఖగోళ శాస్త్రం పెట్టుకుని చదువుకున్నాను. పక్కింటాయనకు ఆగ్నేయం సంగతి చెప్పలేదు. ఆ దిక్కున వంటగది కట్టమంటారు. గుమ్మం ఉందని తెలిస్తే ఆయన ఇల్లు అమ్ముకుంటాడు.

ఆదివారం నాడు ఆ మేడ మెట్లు దిగుతూ నేను బావని ఒకటే అడిగాను. "ఎందుకు తిప్పినావు? నీ కనెక్షనే కదా పోయింది."

"వంకరగా ఉన్న డిష్‌ని సూసి నా సెయ్యి ఊరుకోదు బావ" అన్నాడు. అప్పటికే పక్కింటాయన కేబుల్ బాక్సు విప్పి అతని చేతిలో పెట్టాడు. దాన్ని చంకలో పెట్టుకుని బండెక్కాడు.

బొమ్మ వచ్చింది. నేను నాకు పెట్టుకున్న పరీక్ష ప్రకారం టీవీ కొనాలి. కొనలేదు. మూడు గీతలు నాలుగయ్యాయి. ఈలోగా పక్కింట్లో డబ్బు కట్టకుండా బొమ్మ వస్తోందని వీధి అంతా పాకింది. ఒకరోజు వీధి చివర టీ బడ్డీ దగ్గర నలుగురైదుగురు నన్ను చుట్టుముట్టారు. అందులో వెనక వీధి వాళ్లు కూడా ఉన్నారు. ఆ టీవీ కొనమంటారా అని వాళ్ల ప్రశ్న.

నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. "ఇప్పుడొస్తాది గాని నిలబడదు. సముద్రపు గాలికి డిష్ తుప్పు పడతాది" అన్నాను. అక్కడిదాకా నిజమే. వాళ్లింకా నా ముఖమే చూస్తున్నారు. "పైగా మన తీరం ఏటవాలుగా ఉన్నాది. అందుకని మనకి కోణదోషం ఉన్నాది. ఆ దోషానికి టీవీలో ట్యూనరు ఏడాదిలో కాలిపోతాది."

కోణదోషం అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. ఆ నలుగురూ బుద్ధిగా తలలూపారు. షోరూములో టై కట్టుకున్నవాడికీ నాకూ అప్పుడు తేడా ఏమిటంటే, అతనికి జీతం ఇస్తారు.

"అబద్ధం" అని నా వెనకనుంచి వినిపించింది. బావ టీ గ్లాసు పట్టుకుని బడ్డీ పక్కన నిలబడి ఉన్నాడు. "దోషమూ లేదు, గీషమూ లేదు. బంగారం లాగ వత్తాది బొమ్మ. నానే బిగించినాను. ఉచితంగా వచ్చినవి సాలనుకున్నోళ్లు కొనుక్కోండి. సీరియళ్లు, కిరికెట్టు కావాలంటే నా వైరు ఉంచుకోండి. అంతే సంగతి."

నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని కదిలిపోయారు. బావ నా దగ్గరికి వచ్చాడు. కోపంలో అతని గొంతు తగ్గుతుంది.

"సదివి సదివి నా మీద జాలి పడ్డం నేర్సుకున్నావేటి?"

"నీ కోసమే బావ..."

"నా కోసమే, తెలుసు. వైరు తీసేయాలంటే నా ముందర తీసెయ్. నా యెనకాల నా కోసం బొంకకు. రేపు తెలిత్తే ఏటంటారు? కేబులోడు బతకలేక బావమరిదిని ఊరి మీదకి ఒగ్గేసినాడంటారు. ఇన్నేళ్లు వీధి వీధీ తిరిగి తెచ్చుకున్న పేరు ఆ ఒక్క మాటతో పోతాది. కనెక్షను పోతే ఇంకో పని సేసుకుంటాను."

అనడానికి నా దగ్గర ఉన్నవన్నీ పెద్ద మాటలు.

మర్నాడు షోరూముకి వెళ్లి ఆ టీవీనే కొన్నాను. సేల్స్‌మేన్ "డిష్ అక్కర్లేదు సార్" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వినిపించుకోలేదు. డిష్ బిగించడానికి బావకే కబురు పెట్టాను. వచ్చాడు. మేడ ఎక్కి నన్ను దగ్గరికి రానివ్వకుండా తనే తిప్పి, కిందికి వచ్చి ఛానెళ్లు వెతికించి, మా ఆవిడకు రిమోటు ఇచ్చాడు. తరవాత కట్టరు తీసి, గుమ్మం పక్కనుంచి లోపలికి వచ్చే మా కేబుల్ వైరు కత్తిరించాడు. కొస పట్టుకుని లాగి, స్తంభం దాకా నడుస్తూ మోచేతికి చుట్టుకున్నాడు. మా అప్ప పెళ్లైన కొత్తలో వేసిన లైనది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, మరి నా సీరియలేటి?" అంది.

"మా ఇంటికి రా సెల్లెమ్మా. మీ వొదినా సూత్తాది అదే. సోఫా ఖాళీగానే ఉన్నాది."

అప్పటినుంచి రోజూ సాయంత్రం వెళ్తోంది. అన్నం అక్కడే తినేసి వస్తోంది. ఇంట్లో నేను, వరిలో సుడిదోమ మిగిలాం.

బావ లైనులో కొన్ని ఇళ్లు పోయాయి. డబ్బు కట్టే ఛానెళ్లు వదులుకోలేనివాళ్లు ఉండిపోయారు. ఉచితంగా చూద్దామనుకున్నవాళ్లకి డిష్ బిగించే పని మాత్రం అతనికే వస్తోంది. పెందుర్తి నుంచి కూడా పిలుస్తున్నారట. దాంతో పూర్తిగా గడుస్తుందో లేదో నాకు తెలియదు. అడిగితే చెప్పడు. మా అప్పని అడిగితే "నీకెందుకురా?" అంటుంది.

వీధిలో ఇప్పుడు టీవీ సంగతి నన్నెవరూ అడగరు. మొన్న ఒకాయన కొత్తగా కొనబోతూ మా అరుగు మీద నన్ను దాటుకుని, రోడ్డు మీద ఆగిన బావ బండి దగ్గరికే వెళ్లాడు. బావ స్టాండు వేసి, ట్యూనరు అంటే ఏమిటో, డిష్ ఎందుకు కావాలో, ఏవి వస్తాయో, ఏవి రావో అంతా వివరంగా చెప్పాడు. నేను చేతిలో పుస్తకం మూసి చివరిదాకా విన్నాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని విన్నాను. ఒక్కటీ దొరకలేదు. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు.